వీలునామా: ఒక మాట, దాని వెనుక కథ

"అయ్యా, మా నాన్నగారు ప్రభువునందు నిద్రించి ఆరు నెలలైంది. ఏ కాగితమూ వ్రాయలేదు. ఇప్పుడు ఇల్లు ఎవరిది?" ఈ ప్రశ్న మాకు ఉత్తరాలలో వస్తుంది, కూడికలు ముగిశాక చెట్టు క్రింద నిలబడి అడిగేవారూ ఉన్నారు. అడిగేవారి ముఖంలో దుఃఖం కంటే బెంగ ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఈ నెల వీలునామా గురించి వ్రాయదలచాము. ముందు ఆ మాట పుట్టుక చూసి, తరువాత మన ఇళ్ళలోకి వద్దాము.

వీలునామాలోని 'వీలు' మన తెలుగు వీలు కాదు. తీరిక దొరికినప్పుడు వ్రాసేది కాబట్టి వీలునామా అని ఒక పెద్దాయన మాతో నవ్వుతూ అన్నారు గాని, అది ఇంగ్లీషువారి 'విల్' అనే మాట. విల్ అంటే ఇష్టం, సంకల్పం. 'నామా' పారసీకం, అంటే పత్రం. మన రాజీనామాలో ఉన్న నామాయే ఇది. మన కోర్టు మాటల్లో వకాల్తా, జామీను, జప్తు, దస్తావేజు అన్నీ నవాబుల కచేరీల నుండి వచ్చినవే. తరువాత ఇంగ్లీషు కోర్టులు వచ్చాయి. పాత గుమాస్తాలు క్రొత్త దొరల మాటకు తమకు అలవాటైన తోక తగిలించారు. ఉర్దూలో దీనినే వసీయత్‌నామా అంటారు. మనకు మాత్రం సగం ఇంగ్లీషు, సగం పారసీకం కలిసి ఒక తెలుగు మాట అయింది.

అచ్చమైన పాత మాట మరణశాసనం. మన బైబిలు చదివేవారికి ఇది క్రొత్త కాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో ఉన్నది. అక్కడ గ్రీకులో ఉన్న మాట 'దియాథేకే'. నిబంధన అన్నా, మరణశాసనం అన్నా గ్రీకులో ఆ ఒక్క మాటే. మన అనువాదకులు సందర్భాన్ని బట్టి మిగతా చోట్ల నిబంధన అనీ, వ్రాసినవాడు చనిపోతే గాని అమలు కాదని చెప్పే ఆ రెండు మూడు వచనాలలో మరణశాసనం అనీ పెట్టారు. లాటిన్‌లో దానికి 'టెస్టమెంటుమ్' అన్నారు. సాక్షి అని అర్థమిచ్చే 'టెస్టిస్' దాని బంధువే. క్రొత్త నిబంధనను ఇంగ్లీషువారు న్యూ టెస్టమెంట్ అని పిలవడం దాని నుండి వచ్చింది. సాక్షి లేని మరణశాసనాన్ని రోమీయులు ఊహించలేదు. వారి పద్ధతిలో ఏడుగురు సాక్షులు ముద్రలు వేసేవారు. మనకు ఇద్దరు చాలు. ఆ ఇద్దరితోనే ఎంత చిక్కు వస్తుందో తరువాత చెబుతాము.

ఇంగ్లాండులో ఈ వ్యవహారం చాలా కాలం సంఘం చేతిలో ఉండేది. మరణపడక ప్రక్కన చివరి మాట వినేవాడు పాదిరి గనుక, చనిపోయినవాని సామాను పంపకం బిషప్పుల కోర్టుల్లో జరిగేది. కాగితం నిజమైనదేనని అక్కడ రుజువు చేసి ముద్ర వేయించుకోవడమే 'ప్రొబేటు'. రుజువు చేయడం అనే అర్థమున్న లాటిను మాట అది. 1857లో గాని ఆ అధికారం బిషప్పుల నుండి ప్రభుత్వ కోర్టుకు పోలేదు. ఇక భూమి సంగతి వేరు. తన తరువాత భూమి ఎవరికి పోవాలో వ్రాసే హక్కు అక్కడ సాధారణంగా ఉండేది కాదు. 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలపు చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇప్పుడు అక్కడ అమలులో ఉన్న పద్ధతికి మూలం 1837 నాటి చట్టం. మన చట్టంలోని అనేక నియమాలు దాని నుండి దిగుమతి అయినవే.

దిగుమతి ఎలా జరిగిందో తెలియాలంటే బళ్ళారి వెళ్ళాలి. ఇప్పుడది కర్ణాటకలో ఉన్నది గాని అప్పుడు మద్రాసు రాజధానిలోని దత్తమండలాల ముఖ్య పట్టణం, పెద్ద దండు ఉన్న ఊరు. అక్కడ మాథ్యూ అబ్రహాము అనే దేశీయ క్రైస్తవుడు ఉండేవాడు. పూర్వీకులు అంటరానివారని పేరుపడిన కులం నుండి రోమను కథోలిక సంఘంలో చేరినవారు. ఈయన ప్రొటెస్టెంటు అయ్యాడు. షార్లెట్ అనే ఈస్టిండియను స్త్రీని, అంటే ఇప్పుడు మనం ఆంగ్లో ఇండియను అనే వర్గపు స్త్రీని, పెండ్లి చేసుకున్నాడు. సారా వ్యాపారంలో బాగా సంపాదించాడు. (సంఘ పత్రికలో సారా వ్యాపారి కథ ఏమిటని అడగవద్దు, చరిత్ర అలాగే ఉన్నది.) 1842లో మరణించాడు. వీలునామా లేదు.

వ్యాపారంలో కలిసి పనిచేసిన తమ్ముడు ఫ్రాన్సిస్ కొంతకాలానికి ఒక వాదం లేవదీశాడు. మనది హిందువుల ఉమ్మడి కుటుంబం వంటిదే, పూర్వీకుల ఆచారం ప్రకారం ఆస్తిలో నాకు వాటా ఉన్నదన్నాడు. కాదు, మేము క్రైస్తవులము, ఆస్తి నా భర్త స్వార్జితం, అది నాకూ నా పిల్లలకూ చెందుతుందని షార్లెట్ అన్నది. ఈ వదినా మరదుల తగాదా లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1863లో తీర్పు వచ్చింది. అంటే మాథ్యూ చనిపోయిన ఇరవై ఒక్క ఏళ్ళకు.

ప్రివీ కౌన్సిల్ ఏమన్నదంటే, క్రైస్తవుడైన హిందువును హిందూ ధర్మశాస్త్రం ఇక కట్టివేయదు. అతడు పాత మతంతో పాటు పాత చట్టాన్నీ వదలుకోవచ్చు, కావాలనుకుంటే పాత చట్టాన్నే పాటించవచ్చు. అతడు ఏది ఎంచుకున్నాడో అతని నడవడిని బట్టి తెలుసుకోవాలి. మాథ్యూ కుటుంబం దుస్తులు, మర్యాదలు, బ్రదుకు తీరు ఈస్టిండియనులవి గనుక ఉమ్మడి కుటుంబమన్న మాట చెల్లదన్నది. తీర్పు షార్లెట్‌కు మంచిదే. కాని దాని అర్థం ఆలోచించండి. ఒకడు చనిపోయాక వాని ఆస్తి ఎవరిదో తేల్చడానికి వాడు ఎలాంటి బట్టలు కట్టాడు, ఎవరితో తిరిగాడు అని సాక్షులను పిలిచి అడగాలన్నమాట! ప్రతి క్రైస్తవ కుటుంబానికీ అలా విచారణ పెట్టడం సాధ్యమా? తీర్పు వచ్చిన రెండేళ్ళకే, 1865లో, భారత వారసత్వ చట్టం వచ్చింది. 1866 జనవరి 1 నుండి అమలైంది. హిందువులను, ముస్లిములను, బౌద్ధులను దాని నుండి మినహాయించారు. దేశీయ క్రైస్తవులము దాని క్రిందికి వచ్చాము. 1925లో దానినీ మరికొన్ని చట్టాలనూ కలిపి తిరిగి వ్రాశారు. ఇప్పటికీ మనకు ఉన్నది ఆ 1925 చట్టమే.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాము. వీలునామా లేకుండా పోతే ఇల్లు ఎవరిది?

భర్త చనిపోయి భార్యా బిడ్డలు మిగిలితే, భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు సమానంగా. ఇంటి విలువ పన్నెండు లక్షలు, పిల్లలు నలుగురు అనుకోండి. తల్లికి నాలుగు లక్షలు, ఒక్కొక్క బిడ్డకు రెండు లక్షలు. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. పెండ్లి అయిందా లేదా అన్న మాటే లేదు. తండ్రి కంటే ముందే ఒక కొడుకు చనిపోయి ఉంటే ఆ వాటా వాని పిల్లలకు పోతుంది. భార్య ముందు చనిపోతే ఆమె ఆస్తిలో భర్తకూ ఇదే లెక్క.

మన సంఘాలలో చాలామందికి ఇది మింగుడు పడదు. "కట్నం ఇచ్చి పంపాము కదా, ఇంకా వాటా ఏమిటి?" అంటారు. కట్నం ఇవ్వడమే 1961 నుండి నేరం. నేరం చేశామని చెప్పి దానిని చెల్లు వేసుకోవడం ఏ లెక్కో మాకు అర్థం కాదు. కేరళలో ఒకప్పటి తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు 1916 నాటి వేరే చట్టం ఉండేది. దాని ప్రకారం వీలునామా లేకపోతే కుమార్తెకు కుమారుని వాటాలో నాలుగవ వంతు గాని అయిదు వేల రూపాయలు గాని, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే తల్లి సుప్రీం కోర్టుకు వెళ్ళి పోరాడితే, 1951లోనే ఆ పాత చట్టం పోయి భారత వారసత్వ చట్టం అక్కడికి వచ్చిందని 1986లో తీర్పు వచ్చింది. మన తెలుగు జిల్లాల్లో అలాంటి పోరాటం అవసరం లేకపోయింది. మద్రాసు రాజధానిలో ఉన్నవారికి 1866 నుండే కూతురు కొడుకుతో సమానం. చట్టం ఇచ్చి నూట యాభై ఏళ్ళు దాటినా మన ఇళ్ళలో అడిగిన కూతురు గయ్యాళి అవుతున్నది!

ఇంకొక పొరపాటు, తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు అనుకోవడం. ప్రక్కింటివారి చట్టం చూసి మనమూ అలాగే అనుకుంటాము. మన చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తండ్రి బ్రదికి ఉన్నంతవరకు అది తండ్రిది. కాబట్టి ఆయన వీలునామాలో తనకున్నదంతా ఎవరికైనా వ్రాయవచ్చు. కొడుకులు అడ్డుపడలేరు.

ఈ చట్టంలో మాకు నచ్చని సంగతి కూడా ఒకటి చెప్పాలి. పిల్లలు లేకుండా ఒక యువకుడు మరణిస్తే, భార్యకు సగం పోను మిగిలిన సగం అతని తండ్రికి. తండ్రి బ్రదికి ఉంటే కన్నతల్లికి ఏమీ లేదు. తండ్రి లేకపోతేనే తల్లికి వాటా, అదీ తోబుట్టువులతో సమానంగా. పెండ్లి కాని కుమారుడు మరణిస్తే ఆస్తి మొత్తం తండ్రిదే. దీనికి మందు ఒక్కటే, ఆ యువకుడు వీలునామా వ్రాసి ఉండటం. ముప్పై ఏళ్ళవాడికి వీలునామా ఎందుకని నవ్వకండి.

కాగితాలలో ఒక మతం, ఆదివారం ఆరాధనలో మరొక మతం ఉన్న కుటుంబాలు మన మధ్య ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. కారణాలూ తెలుసు. ఆ చర్చ ఇక్కడ చేయము. కాని అలాంటి ఇంటిలో మరణం జరిగితే ఏ చట్టం వర్తిస్తుందన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. బళ్ళారి షార్లెట్ కథ మళ్ళీ మొదటికి వస్తుంది. చెల్లే వీలునామా ఉంటే చాలావరకు ఆ ప్రశ్న లేవదు.

చెల్లే వీలునామా అంటే ఏమిటి? స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. ఏ భాషలోనైనా వ్రాయవచ్చు. వ్రాసేవారు మేజరై, మతి స్థిమితం కలిగి, సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. వారు ఆ సంతకం పెట్టడం కండ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయన నోట వినాలి. ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. లోపల ఏమి వ్రాసి ఉన్నదో సాక్షులకు తెలియనవసరం లేదు.

మాకు తెలిసిన ఒక కుటుంబం గురించి చెబుతాము. ఊరు, పేరు వద్దు. తండ్రి రిటైరైన ఉపాధ్యాయుడు, భార్య ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. చిన్న కూతురు పెండ్లి చేసుకోకుండా పదమూడేళ్ళు తండ్రిని చూసుకున్నది. పక్షవాతం వచ్చి మంచాన ఉన్నప్పుడు అన్నం తినిపించింది. ఆయన ఇల్లు ఆమెకే వ్రాశాడు. మంచి చేతివ్రాత, ఒక్క కొట్టివేత లేదు. ఒక సాయంత్రం ప్రక్కింటాయన వస్తే సాక్షి సంతకం చేయించాడు. రెండవ సాక్షికి ఎవరూ లేరు. "నీవే చెయ్యమ్మా" అన్నాడు. ఆమె చేసింది.

జ్ఞాపకార్థ కూడిక అయిన మరునాడు పెట్టె తెరిచి కాగితం చదివారు. చిన్న కొడుకు దానిని ఒక వకీలుకు చూపించాడు. చట్టం అరవై ఏడవ సెక్షను ప్రకారం, సాక్షిగా సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు గాని, భర్తకు గాని వీలునామాలో ఇచ్చినది చెల్లదు. వీలునామా చెల్లుతుంది, ఆ బహుమానం చెల్లదు! ఇల్లు నలుగురికీ సమానంగా పోయింది. పదమూడేళ్ళ సేవకు ఆమెకు దక్కింది నాలుగవ వంతు. అక్కా, పెద్దన్నా తమ వాటాలకు హక్కు విడుదల దస్తావేజు వ్రాసి ఇచ్చారు. చిన్నవాడు ఇంకా ఇవ్వలేదు.

ఈ నియమం ఎవరో దుర్మార్గుడు కల్పించినది కాదు. 1677లో ఇంగ్లాండు పార్లమెంటు, భూమికి సంబంధించిన వీలునామాకు నమ్మదగిన ముగ్గురో నలుగురో సాక్షులుండాలని చట్టం చేసింది. లాభం పొందేవాడు నమ్మదగిన సాక్షి కాడని కోర్టులు అన్నాయి. అప్పుడు అలాంటి సాక్షి ఒకడుంటే వీలునామా మొత్తం పోయే ప్రమాదం వచ్చింది. దానిని తప్పించడానికి 1752లో, సాక్ష్యం నిలవాలి, వానికిచ్చిన బహుమానం మాత్రం పోవాలి అని సవరించారు. మంచాన పడినవాని చేయి పట్టుకుని వ్రాయించుకునే మోసగాండ్ర కొరకు పెట్టిన కంచె అది. మోసం తెలియని ఆ అమ్మాయి దానిలో చిక్కుకున్నది. హిందువుల వీలునామాలకు ఈ అరవై ఏడవ సెక్షను వర్తించదు. కాబట్టి ప్రక్కింటివారి వీలునామా చూసి నకలు చేయకండి.

ప్రక్కింటివారికి లేక మనకు ఉన్న నియమం మరొకటి ఉన్నది. వీలునామా వ్రాసినవారు తరువాత పెండ్లి చేసుకుంటే ఆ వీలునామా రద్దైపోతుంది. పూర్వం ఇంగ్లాండులో స్త్రీ వ్రాసినది పెండ్లితో రద్దయ్యేది, పురుషునిదైతే పెండ్లితోపాటు బిడ్డ కూడా పుట్టాలి. 1837లో ఇద్దరికీ ఒకే సూత్రం చేశారు. భార్య చనిపోయాక పిల్లల పేర వ్రాసి, తరువాత రెండవ వివాహం చేసుకున్నవారు ఆ పాత కాగితం మీద ఆధారపడకూడదు. పెండ్లి తరువాత మళ్ళీ వ్రాయాలి.

సంఘానికి, అనాథాశ్రమానికి, ఆసుపత్రికి వ్రాసే విషయంలో పెద్ద మార్పు వచ్చింది. నూట పద్దెనిమిదవ సెక్షను ప్రకారం, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ బిడ్డలు గాని అంతకంటే దగ్గరి బంధువులు గాని ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యానికి ఆస్తి వ్రాయాలంటే, మరణానికి కనీసం పన్నెండు నెలల ముందు వ్రాసి, ఆరు నెలలలోగా ప్రభుత్వం చెప్పిన చోట భద్రపరచాలి. ఎప్పుడు చనిపోతామో ఏడాది ముందు ఎవరికి తెలుసు? ఇదీ ఇంగ్లాండు నుండి వచ్చినదే. 1736 నాటి 'మోర్ట్‌మెయిన్' చట్టపు నీడ. ఆ ఫ్రెంచి మాటకు అర్థం మృతహస్తం. సంఘం చేతిలో పడిన భూమి మళ్ళీ చేతులు మారదు, చచ్చినవాని పిడికిలిలో ఉన్నట్టే అని రాజులు వాపోయేవారు. చివరి గడియలలో పాదిరి భయపెట్టి వ్రాయించుకుంటాడన్న అనుమానమూ ఉండేది. ఆ అనుమానం పూర్తిగా అబద్ధమని మేము ప్రమాణం చేయలేము. కాని క్రైస్తవులకు మాత్రమే ఈ అడ్డు ఎందుకని కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అనే పాదిరి సుప్రీం కోర్టులో అడిగారు. ఇది సమానత్వానికి విరుద్ధమని 2003 జూలైలో కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. ఇప్పుడు ఆ పన్నెండు నెలల గడువు లేదు.

అంతకు ముందు ఏడాదే, 2002లో, ఇంకొక బరువు దిగింది. అంతవరకు క్రైస్తవుల వీలునామా ప్రకారం కోర్టులో హక్కు నిరూపించుకోవాలంటే ప్రొబేటు తప్పనిసరి. ఖర్చు, తిరుగుడు, నెలలు. పార్లమెంటు చేసిన సవరణతో దేశీయ క్రైస్తవులకు ఆ తప్పనిసరి పోయింది. పాత పుస్తకాలు చూసి సలహా చెప్పేవారు ఈ రెండు మార్పులూ ఇంకా గమనించడం లేదు.

వీలునామాను రిజిస్టరు చేయించాలా? తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదని మా అభిప్రాయం. సబ్‌రిజిస్ట్రారు ఎదుట సంతకం చేస్తే తరువాత ఇది దొంగ సంతకం అనేవారికి నోరు తగ్గుతుంది. అయినా రిజిస్టరైనంత మాత్రాన సాక్షులతో పని లేదనుకోకూడదు. తగాదా వస్తే, సాక్షులలో ఒక్కరైనా బ్రదికి ఉన్నంతవరకు కనీసం ఒకరిని కోర్టులో విచారించాలి. 2024 జూలై 1 నుండి క్రొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు. అందుచేత సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవారిని, ఆస్తిలో ఏ లాభమూ లేనివారిని పిలవండి. పెద్దరికమని ఎనభై ఏళ్ళ ఆయనతో సంతకం పెట్టించి, మీరే ఆయన భూస్థాపనకు వెళ్ళి వచ్చాక ఏమి లాభం? వైద్యుడు ఒక సాక్షి అయితే మతి స్థిమితం గురించిన పేచీ తగ్గుతుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉంచాలనుకునేవారు వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు. మీరు బ్రదికి ఉండగా మనసు మారితే తిరిగి తీసుకోవచ్చు. ఎన్నిసార్లైనా తిరిగి వ్రాయవచ్చు, చివరిది చెల్లుతుంది. కాబట్టి ప్రతి దానిమీదా తేదీ వేయండి, పాతవి చింపివేయండి. ఒకే పెట్టెలో తేదీలు లేని రెండు కాగితాలు దొరికిన ఇల్లు మేము చూశాము.

బిడ్డలు లేక పెంచుకున్న దంపతులు కొందరు, ఆ బిడ్డకు మా ఆస్తి వస్తుందా అని వ్రాశారు. వారికి జవాబు ఒక్క మాటలో చెప్పలేము. దత్తత గురించి వచ్చే నెల వ్రాస్తాము. అందాకా వారు ఆ బిడ్డ పేర వీలునామా ఒకటి వ్రాసి పెట్టుకోవచ్చు, ఇద్దరు పరాయి సాక్షులతో.